చుట్టకుదురు నుంచి హెల్మెట్ దాకా

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, మధ్యాహ్నపు ఎండలో తిరుపతికి ఇంత దూరం ప్రయాణించి వచ్చిన ఉపాధ్యాయులకు, విద్యార్థులకు నమస్కారం. 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు రామమూర్తి గారిని తలచుకునే ఈ రోజున వ్యావహారిక భాషా ఉద్యమం గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరారు. కొండల్లో ఉండే సవర అనే గిరిజనుల మధ్య తిరిగి, వారి నోటి నుంచి మాటలు నేర్చుకొని, వాటికి నిఘంటువు కూర్చిన మనిషికి నివాళిగా నేను కూడా ఇంటి మాటలు కొన్నింటిని మీ ముందు పెడతాను. అవన్నీ దెబ్బ తగలకుండా కాచే వస్తువుల పేర్లు. వీటినే ఎందుకు ఎంచుకున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

మొదటిది చుట్టకుదురు. మా అమ్మ బావికి బయలుదేరే ముందు పాత చీర ముక్కను పొడవుగా మెలిపెట్టి, ఎడమచేతి నాలుగు వేళ్ల చుట్టూ రెండు మూడు చుట్లు తిప్పి, మిగిలిన కొసను చుట్టు సందులోకి దూర్చి బిగించేది. దాన్ని తల మీద పెట్టుకొని, బొటనవేలితో ఒకసారి నొక్కి చూసి, అప్పుడు బిందె ఎత్తేది. బిందె అడుగు గుండ్రన, తల కూడా గుండ్రన. ఆ రెంటి నడుమ బరువు ఒక్కచోట గుచ్చుకోకుండా నలుదిక్కులా పరుచుకొనేటట్లు చేసేది ఆ గుడ్డ చుట్టే. దీన్నే తమిళులు సుమ్మాడు అంటారు, కన్నడిగులు సింబి అంటారు. మూడు భాషలూ ఒరుసుకొనే మన చిత్తూరు సీమలో ఈ మూడు మాటలూ ఒకే సంతలో వినిపించడంలో వింత లేదు. అయినా మన మాటలో ఉన్న కుదురును ఒక్కసారి గమనించండి. పిల్లవాణ్ణి కుదురుగా కూర్చోమంటాం, మనసు కుదుటపడిందంటాం. నిలకడను చెప్పే మాటనే బరువుకు ఆసరా ఇచ్చే వస్తువుకు పేరుగా పెట్టుకున్నాం.

రోకలి కొసకు తొడిగే ఇనుప కట్టును పొన్ను అంటాం. అది లేకపోతే దంచే దెబ్బలకు కర్ర చీలిపోతుంది. మామిడి కాయ నేల మీద పడి కమిలిపోకుండా గెడ కొసకు కట్టే వల సంచి చిక్కం. తోతాపురి తోటల్లో పని చేసిన వారికి నేను చెప్పనక్కరలేదు, చిక్కంలో పడిన కాయకు ఒక ధర, నేల రాలిన కాయకు ఇంకొక ధర. ‘గంతకు తగ్గ బొంత’ అని మనం రోజూ అనే సామెతలో గంత అంటే బరువు మోసే ఎద్దు వీపు ఒరుసుకుపోకుండా వేసే మెత్త. సామెత నాలుక మీద నిలిచింది, వస్తువు కనుమరుగైంది. మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలతో 1962లో వచ్చింది గనుక ఇలాంటి మాటలు కొన్నయినా అచ్చులో మిగిలాయి. ఆ పనికి తిరిగిన వారి కాళ్లకు మొక్కాలి.

ఇక నేను చెప్పక తప్పని సంగతికి వస్తాను. కొన్నేళ్ల కిందట మా తమ్ముడు పుత్తూరు నుంచి తిరుపతికి బండి మీద వస్తూ జారిపడ్డాడు. తలకు హెల్మెట్ ఉంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 129వ సెక్షన్ కోరినట్టే పెట్టుకున్నాడు, దాని మీద ఐఎస్‌ఐ గుర్తు కూడా ఉంది. అయితే అంతకు ఏడాది ముందు అదే హెల్మెట్‌తో ఒకసారి గోడకు గుద్దుకున్నాడు. పై చిప్ప మీద గీత కూడా సరిగా కనిపించకపోవడంతో తుడుచుకొని మళ్లీ అదే వాడాడు. రెండోసారి పడినప్పుడు విరిగిన చేతిని పుత్తూరులో ఆకుపసరు పూసి, వెదురు బద్దలు పెట్టి కట్టారు, అది అతుక్కుంది. తలకు అలాంటి కట్టు లేదు. నెలన్నర పాటు వాడికి మాట తడబడింది. నన్ను ‘అన్నా’ అని పిలవడానికి కూడా మాట వెతుక్కొనేవాడు.

ఆ తరువాత ఆ హెల్మెట్‌ను నేను విప్పి చూశాను. తలకు తగిలే స్పాంజి కేవలం సుఖం కోసమే. దాని వెనుక, థర్మోకోల్ లాగా ఉండే తెల్లటి గట్టి పొర ఉంది. దెబ్బను మింగేది అదే. తల గుద్దుకున్న క్షణంలో అది నలిగి, ఆగడానికి తలకు మరి కాస్త వ్యవధి ఇస్తుంది, దెబ్బను ఎక్కువ మేరకు పరుస్తుంది. మా అమ్మ చుట్టకుదురు బరువుకు చేసిన పనే ఇది. తేడా ఒక్కటే: చుట్టకుదురును విదిలించి మళ్లీ చుట్టుకోవచ్చు, నలిగిన ఈ పొర మాత్రం తిరిగి లేవదు. ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్‌ను, పైకి ఎంత బాగా కనిపించినా, మార్చేయాలి. ఈ సంగతి హెల్మెట్‌తో వచ్చిన కాగితంలో ఉంది. తెలుగులో మాత్రం లేదు.

నేను ఊరుకోలేదు. రహదారి భద్రతపై ఒక చిన్న పుస్తకం తెలుగులో సిద్ధమవుతోందని తెలిసి ఆ సమావేశానికి వెళ్లి, ఈ పొరను ‘దెబ్బమెత్త’ అని రాయండి, చదివిన వెంటనే తెలుస్తుంది అన్నాను. అది పల్లెటూరి మాటలా ఉందన్నారు. చివరికి అచ్చయిన మాట ‘ఆఘాత శోషక స్తరం’. నలభై ఏళ్లు తెలుగు పాఠం చెప్పిన నేనే ఆ మాట దగ్గర ఒక క్షణం ఆగాను. సంస్కృతంపై నాకు కోపం లేదు, కవచం కూడా సంస్కృతమే, కర్ణుడి కథ వల్ల అది పసివాడికి కూడా తెలుసు. రాత్రి బండి తోలుకొని ఇంటికి వెళ్లే కూలికి అర్థం కాని హెచ్చరిక వాడి తలను కాపాడలేదన్నదే నా బాధ. అయ్యా, అమ్మా, మీ బడి గోడ మీద ఇలాంటి మాట ఏదైనా ఉంటే ఈ వారంలోనే దాని పక్కన పిల్లలకు తెలిసిన మాట రాయించండి.

విద్యార్థులారా, మీ ఇళ్లలో అవ్వను, తాతను అడగండి. కాడి కింద ఎద్దు మెడకు ఏం చుట్టేవారు, కుండలు బండిలో పగలకుండా నడుమ ఏం కుక్కేవారు, దాన్ని ఏమనేవారు? విన్నది విన్నట్టు, ఊరి పేరుతో సహా రాసుకొని మీ మాస్టారుకు ఇవ్వండి.

అమ్మ కట్టిన పాత నేతచీర ముక్క ఒకటి వెంట తెచ్చాను, ఈ బల్ల మీద ఉంది. నాకు మెలిపెట్టడం వచ్చుగాని కొస దూర్చి బిగించడం చేతకాదు, వదులైపోతుంది. వెనుక వరుసలో కూర్చున్న అమ్మల్లో చేయి తిరిగినవారు ఎవరైనా ఒక్కరు ముందుకు వచ్చి దీన్ని చుట్టి చూపించండి. పిల్లలు దగ్గరికి వచ్చి నిలబడతారు.