పూల్ నిండా తిండిగింజలు, ఎన్ని ఉన్నాయో లెక్క తెలీదు

1857 మాటెత్తితే చాలు, ఎవరో ఒకరు ఈ డైలాగ్ కొట్టేస్తారు: "తెల్లోళ్లు హాయిగా నిద్రపోతుంటే సిపాయిలు మీద పడ్డారు" అని. వినీ వినీ నాకు విసుగొచ్చేసింది. మీరట్ వరకూ అయితే సరే, ఒప్పుకుంటా. లక్నో కథ అది కాదు. మీరట్‌లో మే 10న మొదలైంది కదా, దానికి వారం ముందే, మే 3న, తూటాలు పుచ్చుకోవడానికి మొండికేసిన ఒక పటాలం దగ్గర తుపాకులు లాగేసుకున్నాడు హెన్రీ లారెన్స్.

ఈయన అవధ్‌కి (లక్నో రాజధానిగా ఉన్న రాజ్యం) చీఫ్ కమిషనర్, వచ్చి రెండు నెలలు కూడా కాలేదు. అంతకుముందు ఏడాదే అక్కడి నవాబు వాజిద్ అలీ షాని గద్దె దించి రాజ్యం మొత్తం ఈస్టిండియా కంపెనీ మింగేసింది, బెంగాల్ సైన్యంలో సిపాయిలు చాలామందిదేమో అదే ప్రాంతం. ఎవరి రాజ్యం కాజేశారో వాళ్లనే తుపాకులిచ్చి కాపలా పెట్టుకున్నారన్నమాట! భయం వేయకపోతేనే ఆశ్చర్యం.

మన పెళ్లిళ్లలో సామాన్ల కొట్టు ఉంటుంది చూడండి. బియ్యం, పప్పులు, నూనె డబ్బాలు అన్నీ ఒక గదిలో పెట్టించి, తాళంచెవి మొలతాడుకి కట్టుకుని తిరిగే పెదనాన్న ఒకాయన ఉంటాడు. "ఇంత సరుకెందుకు, వచ్చేది మూడొందల మందేగా" అని ఇంట్లోవాళ్లు సణిగినా వినడు, ఇంకో రెండు బస్తాలు దించమంటాడు. లారెన్స్ అచ్చం ఆ పెదనాన్న.

లక్నోలో కంపెనీ దొరలు ఉండే చోటుని రెసిడెన్సీ అనేవారు. అదేదో కోట అనుకునేరు, కాదు. గోమతి దగ్గర మిట్ట మీద బంగళాలు, తోటలు, ఆఫీసులు, ఒక చర్చి, అంతే. దాని చుట్టూ కందకాలు తవ్వించాడు, మట్టికట్టలు వేయించాడు, ఫిరంగులు తెప్పించాడు. సందులున్నచోట బల్లలు, బీరువాలు, ఆఖరికి లైబ్రరీలో లావుపాటి పుస్తకాలు కూడా అడ్డం పేర్చారు (చదవకపోయినా పనికొచ్చాయి). పింఛను తీసుకుని ఊళ్లలో కూర్చున్న ముసలి సిపాయిలకి రమ్మని కబురు పెట్టాడు. అక్కడ కంపెనీ తరఫున పోరాడిన సుమారు 1,700 మందిలో 700 మంది దాకా మన సిపాయిలే, ఈ ముక్క రెండు వైపులవాళ్లకీ ఇబ్బందే కాబట్టి ఎవరూ ఎత్తరు. ఇక అసలు కొట్టు ఎక్కడో తెలుసా? విందుల హాలు కింద ఈతకొలను. దాన్ని తిండిగింజలతో నింపేశాడు.

ఓ 80 కిలోమీటర్ల అవతల కాన్పూర్‌లో జనరల్ వీలర్‌ది ఇంకో లెక్క. నానా సాహెబ్ మనవాడే, సిపాయిలు తిరగబడినా ఢిల్లీ వైపు పోతారులే అనుకున్నాడు. ఎండకి నేల రాయైపోయి తవ్వుదామన్నా తెగలేదు, దాంతో నాలుగడుగుల మట్టిగోడతో సరిపెట్టాడు. నీళ్లకి బావి ఉంది కానీ అది బయలులో ఉంది, చేద వేయడానికి ఎవరు వెళ్లినా గుండు దెబ్బే. పక్కింటివాళ్లు వండి పెడతార్లే అని కొట్టే పెట్టుకోని పెళ్లిల్లు అది! మూడు వారాలు గడిచేసరికి లొంగిపోయాడు.

అలాగని లారెన్స్‌ని ఆకాశానికెత్తడం లేదు నేను. రెసిడెన్సీ చుట్టూ ఉన్న మసీదులు, గుళ్లు కూల్చనివ్వలేదు, ఎత్తైన ఇళ్లు కొన్ని అలాగే ఉండిపోయాయి, తర్వాత తూటాల వర్షం అక్కణ్నుంచే. పైగా జూన్ 30న, కొట్టు తాళంచెవి నడుముకుండగా వీధిలోకి పోయి కొట్లాట పెట్టుకున్నట్టు, ఊరి బయట చిన్‌హట్ దాకా వెళ్లి సిపాయిల చేతిలో చిత్తుగా ఓడాడు, ఏనుగు లాగే పెద్ద ఫిరంగి కూడా అక్కడే పోగొట్టుకున్నాడు. ముట్టడి మొదలైంది. జూలై 1న ఆయన గదిలోనే ఒక గుండు పడి పేలింది, అదృష్టం, ఎవరికీ ఏం కాలేదు. గది మారండి బాబూ అంటే రేపు చూద్దాంలే అన్నాడు. ఆ రేపు, అదే గదిలో, ఇంకోటి పడింది. జూలై 4న పోయాడు.

తాళంచెవి పెదనాన్నతోనే పోయింది. తర్వాత బాధ్యత తీసుకున్న ఇంగ్లిస్‌కి కొట్టులో ఎంతుందో సరిగ్గా తెలీదు, రేషన్ కోసేసి, తిండి అయిపోవస్తోందని, సాయానికి సైన్యంతో వస్తున్న జనరల్ హావ్‌లాక్‌కి ఉత్తరాలు రాస్తూ కూర్చున్నాడు. 87 రోజుల తర్వాత, సెప్టెంబరు 25న, హావ్‌లాక్, ఇంకో జనరల్ ఔట్రామ్ లోపలికి చొచ్చుకొచ్చారు. తీరా చూస్తే కొలనులో బోలెడు సరుకు! అది ఉంది కాబట్టే నవంబరులో కాంప్‌బెల్ ఇంకా పెద్ద సైన్యంతో వచ్చేదాకా అక్కడే కూర్చోగలిగారు.

టైమ్ అయిపోతోంది, మన హైదరాబాద్ ముక్క ఒక్కటి చకచకా చెప్పేస్తా. జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ రోహిల్లాల్ని వెంటేసుకుని కోఠి రెసిడెన్సీ మీదికొచ్చారు. ఇక్కడా నిద్రలో లేరు, నిజాం దివాన్ సాలార్‌జంగ్ ముందే కబురు పంపాడు, రెసిడెంట్ (నిజాం దగ్గర కంపెనీ ప్రతినిధి) డేవిడ్‌సన్ ఫిరంగులు సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. తెల్లారేసరికి అయిపోయింది. కోఠి ఉమెన్స్ కాలేజీ ముందు బస్సు కోసం నిలబడ్డారా ఎప్పుడైనా? లోపలున్న ఆ పెద్ద స్తంభాల భవనమే అది.