బువే దీవి: మనుషుల్లేని చోట పేరు

శ్రోతలందరికీ నమస్కారం.

మన అనంతపురం వైపు రెవెన్యూ రికార్డుల్లో బేచిరాకు గ్రామాలు కనిపిస్తాయి. అక్కడ ఇండ్లుండవు, మనుషులుండరు. అయినా చుట్టుపక్కల సేద్యం చేసేవాళ్లు, గొర్రెలు మేపేవాళ్లు ఆ పేరు పలుకుతుంటారు కాబట్టి అది బతుకుతుంది. పలికే ఇరుగుపొరుగు కూడా లేని చోట పేరు ఎట్లా నిలుస్తుంది? అందుకే ఈ పూట బువే దీవి గురించి చెప్పాలనిపించింది.

ఆఫ్రికా కొసకూ అంటార్కిటికాకూ నడుమ, అట్లాంటిక్ సముద్రంలో ఉందది. వైశాల్యం 49 చదరపు కిలోమీటర్లు, దాదాపు అంతా మంచే. అంటార్కిటికా అక్కడికి 1,700 కిలోమీటర్ల దూరం.

1739 జనవరి 1న ఫ్రెంచి నావికుడు బువే దాన్ని చూశాడు. ఏసుకు సున్తీ జరిగిన రోజని క్రైస్తవులు పండుగ చేసుకునే దినమది. కనబడిన కొసకు ఆ పండుగ పేరే పెట్టాడు. దట్టమైన పొగమంచు, చుట్టూ మంచుగడ్డలు, దిగడానికి వీల్లేకపోయింది. చుట్టి రాలేదు కాబట్టి అది దీవి అని కూడా తెలియలేదు, ఏదో మహాఖండపు అంచు అనుకున్నాడు. నడిసముద్రంలో రేఖాంశం సరిగా కట్టే సాధనం ఆ కాలంలో లేదు. అతను రాసిపెట్టిన లెక్క తప్పింది. ఆ లెక్క పట్టుకొని వెదికిన కెప్టెన్ కుక్ అంతటివాడికే దీవి దొరకలేదు!

1808లో తిమింగలాల వేటకు వచ్చిన లిండ్సే చూశాడు, లిండ్సే దీవి అన్నారు. 1825లో నోరిస్ అనే ఇంగ్లీషు కెప్టెన్ వచ్చి లివర్‌పూల్ దీవి అని పేరు పెట్టి, ఇంగ్లండు రాజుదని చాటాడు. దగ్గర్లోనే ఇంకొకటి చూశానంటూ దానికి థామ్సన్ దీవి అని కూడా పేరు పెట్టాడు. ఆ రెండో దీవి తర్వాత ఎవరికీ దొరకలేదు. అయినా ఏండ్ల తరబడి పటాల్లో ఉండిపోయింది. నాకు ఈ కథలో అన్నిటికన్నా వింతగా తోచేది ఇదే. ఉన్న దీవేమో దొరకదు, లేని దీవికేమో పటంలో చోటు!

1898లో జర్మన్ పరిశోధక నౌక వాల్దీవియా వచ్చి, బువే దీవి ఎక్కడుందో కచ్చితంగా లెక్క తేల్చింది. 1927లో నార్వేవాళ్లు దిగి తమదన్నారు, బ్రిటన్ తన హక్కు వదులుకుంది. కాలు మోపని బువే పేరే చివరికి నిలబడింది. మొదట చూసినవాడికి ఆ గౌరవం దక్కడం న్యాయమనే నేనంటాను.

1955, 1958 నడుమ అక్కడ కొండచరియ విరిగిపడి, పడమటి ఒడ్డున కొత్తగా కాస్త చదును నేల ఏర్పడింది. సీల్ జంతువులు, పెంగ్విన్లు అక్కడ చేరాయి. నార్వేవాళ్లు ఆ నేలకు న్యూరోయ్‌సా అని పేరు పెట్టుకున్నారు.