కాంతి నుంచి రేడియో తరంగం

శ్రోతలకు నమస్కారం.

దీపపు వెలుగును రేడియో తరంగంగా మార్చగలమా? రెండూ విద్యుదయస్కాంత తరంగాలే కనుక సులువుగా మార్చవచ్చనిపిస్తుంది. కాని ఆకుపచ్చ కాంతి సెకనుకు సుమారు 5.5 కోట్ల కోట్ల సార్లు కంపిస్తుంది, ఎఫ్.ఎం. ప్రసార తరంగం కంపించేది దాదాపు 10 కోట్ల సార్లే. గాజులోనుంచి పంపినా, నీటిలోనుంచి పంపినా కాంతి ప్రయాణం నెమ్మదిస్తుందే గాని కంపనాల సంఖ్య తగ్గదు. కాంతి కంపనాల సంఖ్యను తగ్గించలేము, అయితే రెండు కాంతుల కంపనాల తేడాను పట్టుకోగలము.

తీగవాద్యాన్ని శ్రుతి చేసేవారికి ఈ తేడా చెవికి తెలిసినదే. ఒక తీగ సెకనుకు 256 సార్లు, పక్క తీగ 260 సార్లు కంపిస్తే, వినిపించే నాదం సెకనుకు 4 సార్లు పెరిగి తగ్గుతుంది. పాఠ్యపుస్తకాలు వీటినే విస్పందనాలంటాయి. ఆ ఊగు ఆగేదాకా వాద్యకారుడు బిరడ తిప్పుతూనే ఉంటాడు.

కాంతిలోనూ ఈ ఊగును పట్టుకున్న 1955 నాటి ప్రయోగమంటే నాకెంతో ఇష్టం. లేజరు పుట్టడానికి అప్పటికింకా 5 ఏళ్లుంది. ఫారెస్టర్, గుడ్‌మండ్‌సెన్, జాన్సన్ అనే ముగ్గురు పాదరస దీపపు ఆకుపచ్చ వెలుగును తీసుకున్నారు. దీపాన్ని అయస్కాంత క్షేత్రంలో ఉంచగా ఆ వర్ణరేఖ, అంటే దాదాపు ఒకే కంపన సంఖ్య గల ఆ వెలుగు, దగ్గరదగ్గరి రేఖలుగా చీలింది. రేఖల మధ్య తేడా సెకనుకు సుమారు 1,000 కోట్ల కంపనాలు. ఆ వెలుగును, కాంతి సోకితే ఎలక్ట్రాన్లను వెలువరించే పొరపై పడనిచ్చారు. ఎలక్ట్రాన్ల ప్రవాహం కాంతి కంపనాలను ఒక్కొక్కటిగా అనుసరించలేదు. కాంతి తీవ్రతను బట్టి హెచ్చుతుంది, తగ్గుతుంది. తీవ్రత తేడా లెక్కన ఊగుతున్నందున ప్రవాహమూ అదే లెక్కన ఊగి, సుమారు 3 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యం గల సంకేతంగా బయటపడింది. అది రేడియో కుటుంబంలోనిదే. రొదలో పూర్తిగా మునిగిపోయిన ఆ సంకేతాన్ని వారు వెలికితీసిన ఓపికకు నేను ఇప్పటికీ ఆశ్చర్యపోతాను. ఫారెస్టర్ ఈ ఆలోచనను సహచరులతో కలిసి ప్రకటించింది 1947లోనే మరి.

ఈనాడు ఆ పనికి రెండు లేజర్లు, కాంతిని విద్యుత్ ప్రవాహంగా మార్చే ఒక ఫోటోడయోడు చాలు. చిక్కంతా తేడాను నిలకడగా ఉంచడంలోనే ఉంది. 633 నానోమీటర్ల ఎర్ర లేజర్లు రెండింటి మధ్య 10 కోట్ల కంపనాల తేడా కావాలంటే, వాటి తరంగదైర్ఘ్యాలు నానోమీటరులో 10,000వ వంతుకు కాస్త మించి మాత్రమే వేరుగా ఉండాలి. పరికరం కొద్దిగా వేడెక్కినా ఆ లెక్క తప్పుతుంది. అందుకే ఒక లేజరును రెండవదానికి కట్టి ఉంచినట్లుగా నిరంతరం సరిచేస్తారు. రెండూ కలిసి జారినా ఇబ్బంది లేదు, తేడా జారకూడదు. పాదరస దీపానికి ఈ బెడద తక్కువ, ఎందుకంటే దాని రేఖలన్నీ ఒకే రకపు పరమాణువులవి.

చిలీలోని అటకామా ఎడారిలో ఉన్న ఆల్మా రేడియో దూరదర్శినిలో, కంటికి కనిపించని పరారుణ లేజర్ల జంట కాంతి గాజు తంతువుల వెంట 66 యాంటెన్నాలకు చేరుతుంది. ఆ రెండింటి తేడాను అక్కడికక్కడే రేడియో సంకేతంగా మారుస్తారు.