నాన్న తిన్న తిండి శుక్రకణం దాకా ఎలా వెళ్తుంది?

అందరికీ నమస్కారం.

కడుపుతో ఉన్న అమ్మాయికి మన ఇళ్లలో తిండి గురించి సలహాలకు కొదవుండదు. బొప్పాయి ముట్టుకోవద్దంటారు, పాలల్లో కుంకుమపువ్వు వేసుకోమంటారు, ఇద్దరి తిండి తినమంటారు. పక్కన కూర్చున్న భర్త ఏం తింటున్నాడో, నిరుడు ఏం తిన్నాడో ఎవరూ అడగరు. జీవశాస్త్రం చదివినవాళ్లు కూడా అడగలేదు. తండ్రి ఇచ్చేది సగం డీఎన్‌ఏ మాత్రమేననీ, తిండి వల్ల ఆ డీఎన్‌ఏ అక్షరాలు మారవనీ వాళ్ల లెక్క. అక్షరాలు మారవన్న మాట ఇప్పటికీ నిజమే. డీఎన్‌ఏ మాత్రమే అన్న మాట దగ్గరే చిక్కొచ్చింది.

శుక్రకణం మహా పొదుపరి. మిగతా కణాల్లో డీఎన్‌ఏ హిస్టోన్లనే ప్రొటీన్లకు చుట్టుకుని ఉంటుంది. శుక్రకణం తయారయ్యేటప్పుడు హిస్టోన్లు చాలావరకు తప్పుకుని ప్రోటమైన్లు వస్తాయి, డీఎన్‌ఏను మరింత బిగించి కడతాయి. కణద్రవం దాదాపు మిగలదు. జన్యువుల నుంచి కొత్త ఆర్‌ఎన్‌ఏ, అంటే వాటి నకళ్లు, తీసే పని ఆగిపోతుంది. అలాంటి కణంలోకి తిండి తాలూకు కబురు ఎక్కడి నుంచి దూరుతుంది?

2010లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాల నుంచి ఆలివర్ రాండో బృందం ఒక ప్రయోగాన్ని ప్రచురించింది. కొన్ని మగ చిట్టెలుకలకు మామూలు మేత పెట్టారు. మరికొన్నింటికి ప్రొటీన్ దాదాపు సగానికి తగ్గించి, ఆ లోటు చక్కెరతో పూడ్చారు. ఆడవాటికన్నిటికీ మామూలు మేతే. జత కట్టించిన ఒకటి రెండు రోజుల్లో మగవాటిని తీసేశారు కాబట్టి పెంపకంలో తండ్రి పాత్ర లేదు. అయినా ప్రొటీన్ తక్కువ తిన్న తండ్రుల పిల్లల కాలేయాల్లో కొవ్వునూ కొలెస్టరాల్‌నూ తయారుచేసే జన్యువులు జోరుగా పనిచేస్తూ కనిపించాయి. అదే ఏడాది ఆస్ట్రేలియాలో మార్గరెట్ మోరిస్ బృందం, కొవ్వు మేత తిన్న మగ ఎలుకల ఆడపిల్లల్లో ఇన్సులిన్ ఇచ్చే బీటా కణాలు దెబ్బతిన్నాయని చూపింది.

మొదట అందరి అనుమానం డీఎన్‌ఏ మిథైలేషన్ మీదికి పోయింది. డీఎన్‌ఏ మీద అక్కడక్కడ అతుక్కునే మిథైల్ గుర్తులు జన్యువుల పనిని తగ్గిస్తాయి, పెంచుతాయి. తిండిని బట్టి ఆ గుర్తులు మారుతున్నాయేమోనని రాండో బృందమే శుక్రకణాలను జల్లెడ పట్టింది. మేతను బట్టి నమ్మకంగా మారే గుర్తులు దొరకలేదని 2015లో రాసింది. పత్రికల వాళ్లు ఇలాంటి ఫలితాన్ని పట్టించుకోరు. నాకు మాత్రం ఈ కథలో బాగా నచ్చిన మలుపు ఇదే, ఎందుకంటే ఈ దారి మూసుకుంటే ఆర్‌ఎన్‌ఏ వైపు చూడక తప్పదు.

కణంలో టీఆర్‌ఎన్‌ఏలని ఉంటాయి. ప్రొటీన్ అల్లే చోటికి అమైనో ఆమ్లాలను మోసుకొచ్చే కూలీలు. ఒక్కోటి డెబ్భై, ఎనభై అక్షరాల పొడవు. శుక్రకణంలో ఇవి మధ్యకు తెగి, ముప్పై అక్షరాలకు అటూ ఇటూగా ఉండే ముక్కలుగా పేరుకుని ఉంటాయి. 2016లో ఉపాసనా శర్మ, రాండో బృందం సైన్స్ పత్రికలో రాసిందేమిటంటే, ప్రొటీన్ తక్కువ తిన్న ఎలుకల శుక్రకణాల్లో గ్లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని మోసే టీఆర్‌ఎన్‌ఏ ముక్కలు పెరుగుతున్నాయట, లెట్-7 అనే సూక్ష్మ ఆర్‌ఎన్‌ఏలు తగ్గుతున్నాయట.

అంతకన్నా ఆశ్చర్యం ఆ ముక్కలు వచ్చే చోటు. వృషణంలో ఉన్న శుక్రకణాల్లో అవి చాలా తక్కువ. వృషణాన్ని అంటిపెట్టుకుని ఎపిడిడిమిస్ అనే గొట్టం ఉంటుంది, చుట్టలు విప్పితే మనిషిలో సుమారు ఆరు మీటర్లు. శుక్రకణం ఈదడం నేర్చేది అందులోనే. ఆ గొట్టం గోడల కణాలు చిన్న చిన్న బుడగలను వదులుతాయి. వాటిలోని ఆర్‌ఎన్‌ఏ ముక్కలు శుక్రకణంలోకి చేరతాయి. మనం ఆడపిల్లను అత్తారింటికి పంపేటప్పుడు సారె పెట్టి పంపుతాం కదా, ఇక్కడ సారె మగపిల్లాడికి పెడుతున్నారు, అదీ చివరి మజిలీలో. అంటే తండ్రి ఒంటి సంగతి వృషణం లోపలి దాకా వెళ్లనక్కర్లేదు. గొట్టం గోడకు తెలిస్తే చాలు.

ఆ ముక్కలు నిజంగా పని చేస్తాయా, లేక ఊరికే వెంట వస్తున్నాయా? చైనాలో చి చెన్, ఎన్‌క్వీ డువాన్, చి ఝౌల బృందం అదే 2016లో దీన్ని పరీక్షించింది. కొవ్వు మేత మీద పెరిగిన ఎలుకల శుక్రకణాల నుంచి ఈ టీఆర్‌ఎన్‌ఏ ముక్కలున్న భాగాన్ని విడదీసి, మామూలు తల్లిదండ్రుల నుంచి వచ్చిన ఫలదీకరణ అండంలోకి సూదితో ఎక్కించారు. పుట్టిన పిల్లలకు గ్లూకోజును సరిగా సర్దుకునే శక్తి తగ్గింది. ఆ పిల్లల తండ్రి కొవ్వు మేత తినలేదు, వాటికి అందిందల్లా ఆర్‌ఎన్‌ఏ.

ఇక్కడ మీలో ఎవరికైనా అనుమానం రావాలి. అండంలోని ఆర్‌ఎన్‌ఏతో పోలిస్తే శుక్రకణం తెచ్చేది వేల వంతుల్లో ఒక వంతు కూడా కాదు. అంత కొద్ది సరుకు ఏం చేయగలదు? గ్లైసిన్ ముక్క సంగతి కొంత తెలుసు. ఎలుక పిండం రెండు కణాలుగా ఉన్న దశలో, ఎమ్‌ఈఆర్‌వీఎల్ అనే పురాతన వైరస్ అవశేషం పక్కన కొన్ని జన్యువులు మేలుకుంటాయి, ఈ ముక్క వాటిని అణచిపెడుతుంది. రెండు కణాల దశలో జరిగిన ఆ చిన్న సర్దుబాటు నెలల తర్వాత కాలేయంలోనో క్లోమంలోనో ఎలా బయటపడుతుందన్నది మాత్రం తేలలేదు. తగువులూ ఉన్నాయి. ఎపిడిడిమిస్ మొదటి భాగంలోని శుక్రకణాలతో చేసిన పిండాలు నిలవవనీ, ఆర్‌ఎన్‌ఏ ఎక్కిస్తే నిలుస్తాయనీ 2018లో రాండో బృందం అంటే, మాకు అవి మామూలుగానే ఎదిగాయని వేరే ప్రయోగశాలలు చెప్పాయి.

మనుషుల్లోకి వద్దాం. స్వీడన్‌లోని లిన్‌షోపింగ్ విశ్వవిద్యాలయంలో 15 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఒక వారం మంచి ఆహారం పెట్టారు. రెండో వారం దానికి చక్కెర కలిపారు, ఎంతంటే రోజూ మూడున్నర లీటర్ల కూల్‌డ్రింకుకు సమానంగా. 2019లో వచ్చిన ఫలితం: వారాల్లోనే శుక్రకణాల టీఆర్‌ఎన్‌ఏ ముక్కలు మారాయి, కదలిక చురుకైంది. చక్కెర మంచిదని ఇంటికి వెళ్లి చెప్పకండి. పోల్చి చూడ్డానికి వేరే గుంపు లేదు కాబట్టి, కదలిక పెంచింది మొదటి వారం భోజనమో రెండో వారం చక్కెరో విడదీయలేం. వాళ్ల పిల్లలనూ ఎవరూ చూడలేదు. శుక్రకణం అంత త్వరగా స్పందిస్తుందన్నదే అందులో విలువైన సంగతి.

2024లో మ్యూనిక్‌లోని హెల్మ్‌హోల్ట్జ్ కేంద్రం నుంచి రఫాయెలె తెపెరీనో బృందం నేచర్‌లో రాసిన పరిశోధన ఈ త్వరకు కారణం చూపింది. మగ చిట్టెలుకలకు రెండే వారాలు కొవ్వు మేత పెడితే వాటి పిల్లల్లో దాదాపు 30 శాతానికి గ్లూకోజు తంటా వచ్చింది. ఈసారి పట్టుబడ్డవి కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా తాలూకు టీఆర్‌ఎన్‌ఏలు, వాటి ముక్కలు. మైటోకాండ్రియా డీఎన్‌ఏ తల్లి నుంచే వస్తుందని మనం బడిలో చదువుకున్నాం, అది తప్పు కాదు. కానీ తండ్రి మైటోకాండ్రియా ఆర్‌ఎన్‌ఏ అండంలోకి చేరుతోంది. ఇదే వ్యాసంలో జర్మనీలోని మూడు వేలకు పైగా కుటుంబాల వివరాలు చూస్తే, తండ్రి అధిక బరువుకూ పిల్లల స్థూలకాయానికీ లంకె కనిపించింది. అయితే ఒకే ఇల్లు, ఒకే వంట, కొన్ని ఉమ్మడి జన్యువులు ఉన్నచోట లంకె కనిపించగానే కారణం దొరికిందనుకోకూడదు.

ఇక అందరూ అడిగే ప్రశ్న, పిల్లల కోసం చూస్తున్న మగవాళ్లు ఏం తినాలి? శుక్రకణాల ఆర్‌ఎన్‌ఏను బాగుచేస్తామంటూ ఎవరైనా పొడి అమ్మితే కొనకండి. తండ్రి భోజనం మార్చితే పిల్లల ఆరోగ్యం మారిందని మనుషుల్లో ఇంకా రుజువు కాలేదు. బరువు తగ్గించుకోవడం, పొగ మానడం తండ్రికి ఎలాగూ మంచివే, ఈ ఎలుకల సాక్ష్యం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఎప్పటి నుంచి అంటే, మనిషిలో శుక్రకణం తయారవడానికి సుమారు 74 రోజులు, ఎపిడిడిమిస్‌లో ఆ పైన కొన్ని రోజుల నుంచి రెండు వారాల దాకా. అందుకే మూడు నెలలు ముందు నుంచి జాగ్రత్తపడమని డాక్టర్లు చెబుతారు. మ్యూనిక్ ఎలుకల్లో మాత్రం తిండికి లొంగింది ఎపిడిడిమిస్‌లో ఉన్న శుక్రకణాలే, వృషణంలో ఇంకా తయారవుతున్న కణాలు కావు. మనిషిలోనూ అంతేనా అన్నది ఇప్పుడు వెతుకుతున్నారు.