బాపు చదవని నాలుగు మాటలు

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలందరికీ పేరుపేరునా చెప్పాలి గానీ టైం తక్కువుంది, మన్నించండి.

అమెరికా పోయిన మన ముందటి తరం వాళ్లు అక్కడి పౌరులయ్యారో లేదో ఎట్లా తెలుసుకోవాలో చెప్పమన్నారు. ఈ హాల్లో అమెరికాలో మనిషి లేని ఇల్లు ఎవరిది, చెయ్యెత్తండి. చూశారా, నాలుగైదు చేతులే!

మా చిన్నతాత 1969లో పోయిండు. 1965లో అమెరికా వలస చట్టం వచ్చి మనవాళ్లకు దారి తెరుచుకున్నాక పోయినవాళ్లలో ఒకడు. తల్లి లేని ఆయన్ను వదినె, అంటే మా నాయనమ్మ, పెంచింది. వాడకట్టులో ఎవరన్నా "నీ మరిది అమెరికోడైండంట గదా" అంటే "గ్రీన్ కార్డే తీసుకున్నడు, దేశం ఇడువలే" అని కొట్లాటకు దిగేది. గ్రీన్ కార్డు వేరు, పౌరసత్వం వేరు, అంతవరకు ఆమె అన్నది నిజమే. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1923 నుంచి 1948లో చనిపోయేదాకా అక్కడే ఉన్నా అమెరికా పౌరుడు కాలేదు. ఆ 1923లోనే భగత్ సింగ్ థింద్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు మనవాళ్లకు పౌరసత్వం ఇవ్వడం కుదరదన్నది. 1946లో చట్టం మారేదాకా అదే లెక్క. అందుకే ముందు మనిషి ఏ సంవత్సరం పోయిండో పట్టుకోండి.

1906 సెప్టెంబర్ 27కు ముందు పౌరుడైతే ఆ కాగితం ఏ ఊరి కోర్టులోనైనా ఉండొచ్చు. ఆ తర్వాత ఒక నకలు కేంద్ర ప్రభుత్వానికి చేరేది. 1956 ఏప్రిల్ నుంచి పౌరులైనవాళ్ల కాగితాలు ఏ-ఫైల్ అనేదాంట్లో, అంటే ఒక్కో వలసదారు పేరున అక్కడి ప్రభుత్వం పెట్టే ఫైల్లో ఉంటాయి, మనవాళ్లవి దాదాపు అన్నీ అవే. మన సమాచార హక్కు లాంటి చట్టం అక్కడా ఉంది, దాని కింద అడగాలి. మనిషి పోయి ఉంటే మరణ ధ్రువపత్రం జతచేయాలి.

నేను అడిగితే మొదటిసారి రికార్డు లేదని జవాబొచ్చింది. తప్పు నాదే. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, వాళ్లు చివర రాస్తారు, నేను తిరగేసి రాయలేదు. మీరు రెండు తీర్లా రాయండి, స్పెల్లింగులు కూడా ఎన్ని తీర్లుంటే అన్నీ రాయండి, ఇది మాత్రం మరువకండి.

రెండోసారి ఫైలొచ్చింది. 1977లో కోర్టులో ప్రమాణం చేసిండు, సంతకం ఉంది. మన 1955 పౌరసత్వ చట్టం సెక్షన్ 9 ప్రకారం, తన ఇష్టంతో వేరే దేశ పౌరసత్వం తీసుకున్నవాడు ఇక మన పౌరుడు కాడు. నాయనమ్మకు ఈ సంగతి తెలియకుండానే పోయింది.

ఆ కాగితం మా బాపుకు, అంటే మా నాన్నకు, చూపిస్తే ఏమీ అనలేదు. లేచి బీరువా తీసి, పాత చీరల అడుగునుంచి నీలం ఏరోగ్రామ్ ఉత్తరం ఒకటి ఇచ్చిండు. మడతలు చిరిగి, అంచుకు బంక ఎండి పసుపుపచ్చగైంది. ఏటా సద్దుల బతుకమ్మ నాటికి చిన్నతాత ఉత్తరం వచ్చేది, నాయనమ్మకు చదువు రాదు గనక బాపే చదివి వినిపించేవాడు. మడత పెట్టే అంచు మీద సన్నటి అక్షరాలతో రాసి ఉంది: "మొన్న కోర్టుకు పోయి చెయ్యెత్తిన. వదినెకు చదవకు."

ముప్పై ఏండ్లకు పైగా నాయనమ్మ అదే ఉత్తరాన్ని మళ్లీ మళ్లీ చదివించుకున్నది. బాపు ఆ అంచు దాకా వచ్చి ఆగేవాడు.

బాపు ఇక్కడే, ముందు వరసలో కూర్చున్నడు. ఉత్తరం తెచ్చుకున్నడు. చూస్తామంటే చూపిస్తనన్నడు, కానీ ఆయన చేతిలో ఉండగానే చూడండి, అడిగి తీసుకోవద్దు.