గాజు వెడల్పు దాటి ఇంకో నాలుగు సెంటీమీటర్లు

నమస్కారం అమ్మా. సీమంతానికి వేసుకున్న కొత్త గాజుల గలగలలో నా మాట వెనక వరుసకు వినపడుతోందా?

లేబర్ రూమ్‌లో స్టాఫ్ నర్సుగా ఇరవై రెండేళ్లు చేశాను. అన్నిటికన్నా ఎక్కువసార్లు విన్న ప్రశ్న, "ఇంకా ఎంతసేపు సిస్టర్?" జవాబు మీ చేతికే ఉంది. గాజు తీయకండి, అత్తమ్మలు నన్ను తిడతారు, ఊరికే చూడండి. టూ సిక్స్ సైజు గాజు లోపలి వెడల్పు 6 సెంటీమీటర్లు. బిడ్డ తల బయటికి రావాలంటే గర్భసంచి మూతి 10 సెంటీమీటర్లు తెరుచుకోవాలి. గాజు దాటి ఇంకో నాలుగు. నెలల తరబడి బిగించి మూసుకున్న మూతి అంత తెరుచుకోవాలంటే గంటలు పట్టదా మరి?

నొప్పి అంటే గర్భసంచి బిగుసుకుని, ఆ మూతిని కాస్త కాస్తగా పైకి లాగడం. తర్వాత వదిలేస్తుంది. ఆ వదిలినప్పుడే మీరు ఊపిరి పీల్చుకోవాలి, బిడ్డకు రక్తం బాగా అందేదీ అప్పుడే. దొంగనొప్పులైతే కాసేపు అటూ ఇటూ నడిచినా, పడుకున్నా తగ్గిపోతాయి. అసలువి తగ్గవు, దగ్గరదగ్గరగా వస్తాయి, నడుములోంచి పొత్తికడుపుకి పాకుతాయి.

మొదటి ఐదు సెంటీమీటర్లకు ఇంత టైమని లెక్క లేదు. ఒకరికి పూట, ఒకరికి రోజు. అక్కడి నుంచి తొలికాన్పుకి మామూలుగా 12 గంటల లోపు, తర్వాతి కాన్పులకు 10 గంటల లోపు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. గంటకో సెంటీమీటర్ చొప్పున రావాల్సిందే అన్న పాత లెక్కను పక్కన పెట్టమనీ చెప్పింది. ఆ లెక్క మాకు నేర్పించిందే. దాంతో ఎంతమందిని టెన్షన్ పెట్టామో!

ఒక అమ్మాయి అర్ధరాత్రి వచ్చింది, తొలిచూలు. చూస్తే 2 సెంటీమీటర్లు. తెల్లారేసరికి 3. వాళ్లమ్మ నా చెయ్యి పట్టుకుని, "నా బిడ్డ తట్టుకోలేదు, కోసి తీసేయండి" అని ఏడుపు. బిడ్డ గుండె చప్పుడు బాగుంది, తల్లి బీపీ బాగుంది. వరండాలో నడిపించాం, రెండు ఇడ్లీలు తినిపించాం. నొప్పి వచ్చినప్పుడల్లా ఆ తల్లి కూతురి నడుం గట్టిగా రుద్దింది. మధ్యాహ్నానికి 5, దీపాలు పెట్టే వేళకి ఆడపిల్ల. నడుం రుద్దిన చేతులే ఆ రోజు సగం పని చేశాయి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో కాన్పు గదిలోకి ఒక తోడును రానివ్వాలని కేంద్రం 2016లోనే చెప్పింది. ఆ మాట గట్టిగా అడగండి.

ఆపరేషన్‌ను నేను తప్పు పట్టను, దానివల్ల బతికిన తల్లుల్ని చూశాను. కానీ 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60, ఆంధ్రలో 42 కాన్పులు ఆపరేషన్లే. దేశం మొత్తం మీద 21. మన ఆడవాళ్ల ఒళ్లు ఏమైనా వేరుగా ఉందా? కొంత ముహూర్తాల పిచ్చి, కొంత ఆస్పత్రుల తొందర, కొంత మన భయం.

తొందరలో అన్నిటికన్నా ప్రమాదం, ఊళ్లో ఎవరో చేతికో తుంటికో వేసే నొప్పుల సూది. ఒకసారి లోపలికి పోతే ఆపలేం, గర్భసంచి చిట్లిపోవచ్చు. ఆస్పత్రిలో అదే మందు సెలైన్‌లో చుక్కచుక్కగా ఇస్తూ, బిడ్డ గుండె వింటూ ఉంటారు. కడుపు మీద నొక్కి బిడ్డను తోయడం కూడా వద్దు, అది ఎవరు చేసినా సరే.

ఓపిక పట్టమన్నానని ఇంట్లో కూర్చోవద్దు. రక్తం పోతున్నా, ఉమ్మనీరు పోయినా, అది ఆకుపచ్చగా ఉన్నా, బిడ్డ కదలిక తగ్గినా, తలనొప్పితో కళ్లు మసకబారినా వెంటనే 108కి ఫోన్. ముందు ఆపరేషన్ అయినవాళ్లు నొప్పి మొదలవగానే బయల్దేరాలి.

బిడ్డ పుట్టాక అందరూ బిడ్డ చుట్టూ మూగుతారు, నా కళ్లు మాత్రం తల్లి మీదే. మాయ అరగంటలోపు రావాలి, రక్తం ఆగాలి. పుట్టిన గంటలోనే బిడ్డను ఒంటికి ఆనించి పాలు పట్టించండి, గర్భసంచి గట్టిపడుతుంది. తేనె నాకించొద్దు అత్తమ్మా, మిమ్మల్నే.

ఇక అడగండి. ఆ ఆకుపచ్చ చీర అమ్మాయి ఇందాకటి నుంచి చెయ్యి ఎత్తబోయి దించేస్తోంది. అడుగు తల్లీ.