అద్దం తలుపుకు అటూ ఇటూ: పదేళ్ల పరభాషా చిత్రాలపై విజయనగరంలో ఒక వాదన

[తెరపై: సాయంకాలం, విజయనగరం గంటస్తంభం కూడలి. తరువాత ఒక మేడగది, గోడకు కట్టిన తెల్లని దుప్పటి, దాని ఎదుట నాలుగు కుర్చీలు.]

నమస్కారం. 2010 నుంచి 2019 వరకు ప్రపంచ భాషల్లో వచ్చిన చిత్రాల్లో ఉత్తమమైనది ఏది అన్న ప్రశ్నపై మేము నలుగురు మిత్రులం మూడు ఆదివారాలు వాదించుకున్నాం. దశాబ్దం 2010తో మొదలవుతుందా, 2011తోనా అన్న పేచీకే మొదటి ఆదివారం సగం పోయింది కాబట్టి ఆ జోలికి నేను వెళ్లను. నేను ఏ చిత్రం పక్షాన నిలబడ్డానో, ఎందుకు నిలబడ్డానో మాత్రం ఈ వీడియోలో వివరిస్తాను. కథల ముగింపులు కూడా చెప్పవలసి వస్తుంది. ఇంకా చూడని వారు ముందు చూసి రావడం మంచిది.

మొదట మేము పక్కన పెట్టినది అవార్డుల లెక్క. ఆ పదేళ్లలో ఆస్కార్ విదేశీ భాషా విభాగానికి ఒక్కో దేశం ఒక్క చిత్రాన్నే పంపవలసి ఉండేది. 2013లో మన దేశం 'ది లంచ్‌బాక్స్'ను కాదని గుజరాతీ చిత్రం 'ది గుడ్ రోడ్'ను పంపింది. 2019లో ఫ్రాన్స్ 'పోర్ట్రెయిట్ ఆఫ్ ఎ లేడీ ఆన్ ఫైర్'ను ఇంట్లోనే ఉంచుకొని 'లే మిజెరాబ్లె'ను పంపింది. అంటే అక్కడ పోటీ మొదలయ్యేసరికే అసలు పోటీ సగం ముగిసిపోయి ఉండేది. ఇక "విదేశీ భాషా చిత్రం" అన్న పేరును అకాడమీ 2019లో "అంతర్జాతీయ చిత్రం"గా మార్చింది గాని, సంభాషణల్లో సగానికి పైగా ఇంగ్లీషేతర భాషలో ఉండాలన్న నిబంధనను మార్చలేదు. ఆ ఏడాదే నైజీరియా పంపిన 'లయన్‌హార్ట్'ను, అందులో ఇగ్బో భాష కొద్ది నిమిషాలే వినిపిస్తుందని, తక్కినదంతా ఇంగ్లీషేనని తోసిపుచ్చారు. నైజీరియా అధికార భాష ఇంగ్లీషే అన్న సంగతి ఎవరికీ అడ్డు రాలేదు. విజయనగరంలో కూర్చున్న మనకు ఈ ఏర్పాటు కొంత తలకిందులుగా కనిపిస్తుంది. ఇచ్ఛాపురం దాటగానే వినిపించే ఒడియా మనకు పరాయిది కాదు, హాలీవుడ్ ఇంగ్లీషును మాత్రం మనలో చాలామందిమి కింద పడే అక్షరాల సాయంతోనే చూస్తాం.

అందువల్ల నేను ఒక వేరే కొలబద్దను ప్రతిపాదించాను: ఆ కింది అక్షరాల్లో పడి పోయేది ఎంత, పోగా మన దగ్గరకు చేరేది ఎంత?

[తెరపై: సగం నేలలోకి దిగిన ఇంటి కిటికీ రేఖాచిత్రం.]

దక్షిణ కొరియా దర్శకుడు బాంగ్ జూన్-హో తీసిన 'పారసైట్' 2019లో కాన్ చిత్రోత్సవంలో అగ్ర పురస్కారమైన పామ్ డోర్‌ను, 2020 ఫిబ్రవరిలో ఉత్తమ చిత్రం సహా నాలుగు ఆస్కార్‌లను గెలుచుకుంది. ఇంగ్లీషేతర చిత్రానికి ఉత్తమ చిత్రం పురస్కారం దక్కడం అదే మొదటిసారి. దాని ఉపశీర్షికలు చాలా తెలివైనవి. రెండు రకాల నూడుల్స్ కలిపి వండే 'జపగురి' అన్న వంటకానికి ఇంగ్లీషులో 'రామ్-డాన్' అని కొత్త పేరు పుట్టించారు, సియోల్ నేషనల్ యూనివర్సిటీ అన్న చోట ఆక్స్‌ఫర్డ్ అని వేశారు. చూసేవాడు ఎక్కడా తడబడకుండా దారి చదును చేశారన్న మాట. నాకు ఆ చదును మీదే కొంచెం అనుమానం.

అయితే ఈ చిత్రంలో ఏ అక్షరాలూ అక్కరలేని ఘట్టం ఒకటి ఉంది. ధనికుల ఇంట్లో పనికి కుదిరిన పేద కుటుంబం ఇల్లు కుంభవృష్టిలో మురుగునీటిలో మునిగిపోతుంది. గట్టు మీద ఎత్తుగా కట్టిన మరుగుదొడ్డి లోంచి నల్లని నీరు ఎగదన్నుతుంటే కూతురు దాని మూత మీద కూర్చొని సిగరెట్టు వెలిగిస్తుంది. మరునాడు ఎండ కాస్తుంది. కారులో వెనుక కూర్చున్న యజమానురాలు ఫోనులో, వాన పడడం ఎంత మేలయిందో చెబుతుంది. కారు నడుపుతున్నవాడు రాత్రి ఆ నీటిలో తన సామాను వెతుక్కున్న మనిషి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను తరువాత, ఉద్దానంలో కూలిన కొబ్బరి చెట్ల మధ్య నిలబడినవారికి ఈ సన్నివేశం కొత్తగా బోధించేది ఏమీ ఉండదు. మా నలుగురిలో పలాస మిత్రుడు ఈ చిత్రానికే ఓటు వేశాడు, నేను అతనితో గట్టిగా వాదించలేకపోయాను.

[తెరపై: తడి గచ్చు, అందులో కదిలే ఆకాశం.]

మాలో పెద్దవారైన మాస్టారి ఓటు 'రోమా'కు. ఆల్ఫొన్సో క్వరాన్ 2018లో నలుపు తెలుపులో తీసిన ఈ చిత్రం 1970, 71 నాటి మెక్సికో నగరంలో ఒక ఇంటి పనిమనిషి కథ. మొదటి దృశ్యంలో గచ్చు మీద బకెట్టు నీళ్లు పారుతాయి, ఆ నీటి అద్దంలో ఆకాశం కనిపిస్తుంది, అందులో ఒక విమానం దాటిపోతుంది. క్లియో అనే ఆ పనిమనిషి యజమానులతో స్పానిష్‌లో, తోటి పనిమనిషితో తన మిష్టెక్ భాషలో మాట్లాడుతుంది. ఈ చిత్రాన్ని స్పెయిన్‌లో చూపించినప్పుడు నెట్‌ఫ్లిక్స్ మెక్సికో స్పానిష్‌ను స్పెయిన్ స్పానిష్‌లోకి మార్చి ఉపశీర్షికలు వేసింది. "మమా" అన్న పిలుపు కింద "మాద్రే" అని పడింది. క్వరాన్ అది అవమానమని నిరసించిన తరువాత వాటిని తీసివేశారు. మాస్టారికి ఇది సొంత గాయంలా తాకింది. మన వెండితెర మీద ఇంటి పనివాడికో, అమాయకుడికో మాత్రమే దక్కే శ్రీకాకుళం యాసను విని పెరిగిన మనిషి ఆయన. "ఏటి సేస్తన్నావు" అన్న మాట కింద "ఏమి చేయుచున్నావు" అని ఎవరైనా అచ్చువేస్తే ఊహించుకోండి.

ఆస్ట్రియా దర్శకుడు హానెకె తీసిన 'ఆమూర్', పోలెండ్ నుంచి 'ఇడా', జపాన్ నుంచి 'షాప్‌లిఫ్టర్స్' కూడా పట్టికలోకి వచ్చాయి, గౌరవంగా పక్కకు తప్పుకున్నాయి.

నా ఓటు 2011 నాటి ఇరాన్ చిత్రం 'ఎ సెపరేషన్'కు. అస్ఘర్ ఫర్హాదీ దర్శకత్వంలో వచ్చిన ఈ చిత్రం బెర్లిన్ చిత్రోత్సవంలో అగ్ర పురస్కారమైన గోల్డెన్ బేర్‌ను, మరుసటి సంవత్సరం ఇరాన్‌కు మొదటి ఆస్కార్‌ను తెచ్చింది. తొలి దృశ్యంలో భార్యాభర్తలు సిమిన్, నాదెర్ విడాకుల కోసం న్యాయాధికారి ముందు వాదించుకుంటారు; ఆ అధికారి మనకు కనిపించడు, కెమెరా ఆయన కుర్చీలోనే ఉంటుంది కాబట్టి వాళ్లు మన కళ్లలోకి చూసి మాట్లాడతారు. తీర్పు బరువు అక్కడి నుంచి చివరి వరకు మన భుజం దిగదు.

మతిమరుపు వ్యాధితో ఉన్న నాదెర్ తండ్రిని చూసుకోవడానికి రజియె అనే పేదరాలు పనిలో చేరుతుంది. ముసలాయన బట్టలు తడుపుకుంటాడు. పరాయి మగవాణ్ణి శుభ్రం చేయడం పాపమవుతుందా అని ఆమె ఫోను చేసి ధర్మసందేహం అడుగుతుంది. పక్కన నిలబడ్డ చిన్న కూతురు, నాన్నకు చెప్పనులే అని తల్లికి ధైర్యం చెబుతుంది. ఆ తరువాత ఆమెకు గర్భస్రావం కావడం, అది నాదెర్ తోసినందువల్లనే అని కేసు పడడం, పరిహారం ఇవ్వడానికి అతడు సిద్ధపడడం జరుగుతాయి. అతడు అడిగేది ఒక్కటే: తన వల్లనే జరిగిందని ఆమె ఖురాన్ మీద ప్రమాణం చేయాలి. డబ్బు ఎదురుగా ఉంది, అప్పులవాళ్లు గదిలోనే ఉన్నారు. ఆమె చేయదు. తనకే ఖాయంగా తెలియని మాట మీద ఒట్టు పెడితే కీడు బిడ్డకు తగులుతుందని ఆమె భయం.

పైడితల్లమ్మ మీద ఒట్టు వేయమంటే నోట మాట పడిపోయే మనుషులను చూసిన ఊరు మాది. ఆ ఘట్టం వచ్చినప్పుడు మా గదిలో ఎవరూ కింది అక్షరాలు చదవలేదు. పర్షియన్‌లో ఒక్క ముక్క రాని మాకు ఆ ఇల్లాలి మౌనం పూర్తిగా అర్థమైంది, అయినా ఫర్హాదీ మా కోసం దారి చదును చేసినది ఏమీ లేదు. 'పారసైట్' కన్నా నేను దీన్ని పైన పెట్టడానికి కారణం అదే.

ఈ మాట చెప్పి, మూడు చిత్రాలకూ పదికి ఇన్ని అని అంకెలు వేయబోతే మాస్టారు ఆపారు. "నువ్వు మార్కులేస్తన్నావు బాబూ, సినిమా సూడ్డం నేదు" అన్నారు. అంకెలు కొట్టివేశాను.

[తెరపై: పొడవైన నడవా, మధ్యలో అద్దం తలుపు.]

చివరి దృశ్యంలో తల్లి దగ్గర ఉంటావా, తండ్రి దగ్గరా అని న్యాయాధికారి వాళ్ల పదకొండేళ్ల కూతురు తెర్మెను అడుగుతాడు. నిర్ణయించుకున్నానని ఆమె అంటుంది, కాని అమ్మానాన్నలను బయటకు పంపమంటుంది. వాళ్లిద్దరూ నడవాలో అద్దం తలుపుకు చెరొక వైపున ఎదురుచూస్తుంటే తెర మీద పేర్లు పడతాయి. ఆ రాత్రి గంటస్తంభం దాకా నడిచినంత సేపూ పిల్ల తండ్రి పేరే చెప్పి ఉంటుందని నేను, కాదు తల్లి పేరేనని మాస్టారు. ఆయన ఓటు వేసిన 'రోమా' మాట ఆయనే ఎత్తలేదు. నేను గుర్తు చేయలేదు.